ప్రవర్తన గడిలో ఒక మాట

కాలేజీ వదిలే విద్యార్థికి ఇచ్చే టీసీలో అడుగున ప్రవర్తన అనే గడి ఒకటి ఉంటుంది. అందులో దాదాపు అందరికీ ‘గుడ్’ అనే రాస్తారు. పిల్లలు ఆ గడి చూడరు. తల్లిదండ్రులూ చూడరు. గుమాస్తాలు మాత్రం ముందు దాన్నే చూస్తారు. ఎప్పుడైనా అందులో ‘శాటిస్‌ఫాక్టరీ’ అని ఉందనుకోండి, బయటివాళ్ళకి అదీ మర్యాదగానే కనిపిస్తుంది. మాకు మాత్రం ‘ఈ మనిషి విషయంలో ఏదో జరిగింది, కాగితం మీద పెట్టలేదు, చూసుకోండి’ అని అర్థం. ఒక ఆఫీసు ఇంకో ఆఫీసుకి కన్ను గీటడమన్నమాట.

ఈ మధ్యే ఆఫీసుల్లో చేరిన మీకు ఈ సంగతి సీనియర్లు చెప్పే ఉంటారు. నేనూ చాలామందికి నేర్పాను, గొప్పగానే నేర్పాను. అది గొప్ప విద్య కాదని ముప్పై ఏళ్ళ పైచిలుకు సర్వీసులో నాకు తట్టలేదు. తట్టించిన మనిషి గురించి ఇది. రాయొచ్చా అని ఆమెను ముందే అడిగాను. “పేర్లు వద్దండి. నా మాటలు మాత్రం మార్చకండి” అంది. రెండూ పాటిస్తున్నాను.

ముందు నా సంగతి కొంత చెప్పాలి. పశ్చిమ డెల్టాలో ఒక కాలువ మీద మా తాతగారి పేరుతో రేవు ఇప్పటికీ ఉంది. ఆ రేవు తప్ప ఆయనది అనేది ఏదీ మిగల్లేదు. సగం భూమి దాయాదుల కేసుల్లో పోయింది. మిగతా సగం మా నాన్నగారి రైసు మిల్లు మింగింది. నేను డిగ్రీ పూర్తి చేసేసరికి మా ఇంట్లో మిగిలింది నిటారుగా కూర్చునే అలవాటు ఒక్కటే. ఆ అలవాటుతోనే మిషన్ వాళ్ళ బీఈడీ కాలేజీకి గుమాస్తా ఉద్యోగానికి వెళ్ళాను. దరఖాస్తులో తండ్రి వృత్తి అన్నచోట ‘భూస్వామి’ అని రాశాను. అప్పటికి మాకు సెంటు భూమి లేదు.

అప్పటి కరస్పాండెంటుగారు తెల్లటి జుట్టు, తెల్లటి లాల్చీ ఉన్న పెద్దమనిషి. ఆ మాట మీద వేలు పెట్టారు. తర్వాత నా చొక్కా కాలరు కేసి చూశారు. అది మా అమ్మ తిరగేసి కుట్టిన కాలరు.

“మా గుమాస్తాల కుర్చీలకి చేతులుండవు రాజుగారూ. ఇబ్బందేమో చూసుకోండి” అన్నారు.

“నేను వెనక్కి వాలనండి. చేతులతో పనిలేదు” అన్నాను.

ఆయన నవ్వి సంతకం పెట్టారు. ఆయనకి తెలుసని నాకు తెలుసు. నాకు తెలుసని ఆయనకీ తెలుసు. మేమిద్దరం పద్నాలుగేళ్ళు కలిసి పనిచేశాం, ఆ ‘భూస్వామి’ ఊసు ఒక్కసారి కూడా రాలేదు. ఆ రోజుల్లో ఆఫీసంటే సిరా వాసన, గోడ గడియారం, మధ్యాహ్నం ప్రార్థన గంట. ఎవరి సంగతి వాళ్ళు కడుపులో పెట్టుకుని మంచిగా మాట్లాడుకునేవాళ్ళం. చెప్పకుండా ఉండటమే మర్యాద అని నేను అక్కడే నేర్చుకున్నాను.

ఇక అసలు సంగతి. రిటైరవడానికి రెండేళ్ళ ముందు, వానాకాలం చివర అడ్మిషన్లు జరుగుతున్నాయి. మా కాలేజీలో కొన్ని సీట్లు ప్రభుత్వం నింపుతుంది, మిగిలినవి మేమే ఇంటర్వ్యూ చేసి నింపుకుంటాం. వాటిలో సంఘం పిల్లలకి, చర్చి సభ్యుల పిల్లలకన్నమాట, మొదటి చోటు. దానికి తమ ఊరి చర్చి పాస్టరుగారి నుంచి, మా వాళ్ళు అయ్యగారు అంటారు, ఆయన నుంచి ఉత్తరం తెచ్చుకోవాలి. దరఖాస్తు చివర ‘మేము తెలుసుకోవలసినది ఇంకేమైనా ఉందా?’ అని ఒక వరస ఉంటుంది. అందరూ ‘లేదు’ అని రాస్తారు, లేకపోతే ఖాళీగా వదిలేస్తారు. ఒక దరఖాస్తులో మాత్రం ఇలా ఉంది: ‘నా టీసీలో ప్రవర్తన గడి ఎందుకలా ఉందో ఇంటర్వ్యూలో నేనే చెబుతాను.’

టీసీ తీసి చూశాను. శాటిస్‌ఫాక్టరీ.

సర్టిఫికెట్లు సరిచూసే రోజు ఆ అమ్మాయి వచ్చింది. కడియం వైపు పిల్ల. తల్లి నర్సరీలో మామిడి అంట్లు కడుతుంది. సెలవుల్లో తనూ వెళ్తుందేమో, గోళ్ళ చివర ఆకుపచ్చ మరకలున్నాయి.

“ఏమ్మా, ఈ గడిలో ఏం రాశారో చూశావా?”

“చూశానండి.”

“దానర్థం తెలుసా?”

“మా సీనియర్ ఒకావిడ చెప్పిందండి. అందుకే కింద అలా రాశాను.”

“ఏం జరిగింది?” అన్నాను గొంతు తగ్గించి. ఆమె తగ్గించలేదు.

“డిగ్రీలో హాస్టల్లో నేనూ ఇంకో అమ్మాయీ ఒకరంటే ఒకరం ఇష్టపడ్డామండి. స్నేహం కాదండి, ప్రేమే. నేను అమ్మాయిల్నే ఇష్టపడతాను, చిన్నప్పట్నించీ అంతే. వార్డెన్ గారు నా ఫోన్ చూశారు. ఆ అమ్మాయికి నెల తిరక్కుండా పెళ్ళి చేసేశారు. నన్ను హాస్టల్ ఖాళీ చేయించారు. టీసీలో ఆ మాట రాశారు. అంతేనండి.”

పక్క బల్ల దగ్గర మా జూనియర్ అసిస్టెంటు టైపు చేయడం ఆపేసింది. చర్చి క్వైరులో పాడే మనిషి, నోరు కొంచెం పెద్దది, మనసు ఇంకా పెద్దది.

“ఇలాంటివి ఇక్కడ చెప్పకూడదమ్మా. ఇది మిషన్ కాలేజీ. అడిగితే ఒంట్లో బాగాలేక హాజరు తగ్గిందని చెప్పు” అన్నాను.

“చర్చి కాలేజీలో అబద్ధమాడమంటారా అండి?”

జూనియర్ అసిస్టెంటు కిసుక్కున నవ్వింది.

“అబద్ధం కాదమ్మా. ఊరుకోవడం.”

“ఊరుకుంటే సీటొస్తుందండి. తర్వాత నలుగురితో ఒక గదిలో ఉంటాను. పాత కాలేజీ నుంచి ఎవరైనా ఒక్క మాట మోసుకొచ్చారంటే మళ్ళీ పెట్టె సర్దుకోవాలి. ఈసారి ఏడాది మధ్యలో. నాకు టీచరు ఉద్యోగం కావాలండి. ముందే చెప్పేస్తాను. వద్దంటే ఇప్పుడే వద్దంటారు.”

“మీ ఇంట్లో తెలుసా?”

అప్పుడు తగ్గింది ఆమె గొంతు. “అమ్మకి తెలీదండి. హాస్టల్ తిండి పడలేదని చెప్పాను. సీటొచ్చాక చెప్తాను. చేతిలో సీటుంటే కొంచెం ధైర్యంగా చెప్పొచ్చు కదండి.”

నిజం చెప్పాలంటే ఆమె చెప్పింది నాకూ వెంటనే మింగుడుపడలేదు. అలాంటివాళ్ళు మా ఇళ్ళల్లో ఉండరనుకునేవాణ్ణి. ఆ సాయంత్రం సైకిల్ మీద ఇంటికి వెళ్తుంటే మా చిన్న మేనత్త గుర్తొచ్చింది. ఎన్ని సంబంధాలు వచ్చినా కాదని, మేడ మీద గదిలో ఒక్కతే ఉండిపోయిన మనిషి. ఆవిడకొక స్నేహితురాలు ఉండేది, నెలకోసారి లాంచీ మీద వచ్చేది. ఆ రోజు పొద్దున్నే మేనత్త పట్టుచీర కట్టుకుని తాతగారి రేవులో నిలబడేది. లాంచీ పొగ ఇంకా మలుపులో ఉండగానే ఆవిడ మొహంలో వెలుగొచ్చేది. నేను చిన్నవాణ్ణి, పక్కన నిలబడి మరమరాలు తినేవాణ్ణి. లాంచీలు ఆగిపోయాక ఆ స్నేహితురాలు రావడమూ ఆగిపోయింది. మేనత్తని ఎవరూ ఏమీ అడగలేదు. ఆవిడా చెప్పలేదు. అదీ మర్యాదే అనుకున్నాం.

ఇంత గుర్తొచ్చినవాణ్ణి సరైన దారిలో ఆలోచించి ఉండాల్సింది. నేనేం చేశానంటే, ఆ పిల్లకి మంచి చేద్దామనుకున్నాను. మనలో మనకి గుమాస్తాల బంధుత్వం ఒకటి ఉంటుంది కదా. ఆమె చదివిన డిగ్రీ కాలేజీ హెడ్ గుమాస్తా నాకు పాత మిత్రుడు. పరీక్ష ఫీజుల రోజుల్లో యూనివర్సిటీ వరండాలో ఒకే పొట్లంలో పులిహోర తిన్నవాళ్ళం. ఆయనకి ఫోన్ చేశాను.

“బావగారూ, ఒక టీసీలో ఆ గడి మార్చి డూప్లికేట్ ఇప్పించాలండి.”

“మీరడిగితే కాదంటానా? పాతది పోయిందని ఒక లెటర్ పెట్టించండి. హాస్టల్ వాళ్ళని కూడా ఒక మాట అడిగి ఉంచుతాను, తర్వాత పేచీ రాకుండా.”

“మీ ఇష్టం” అన్నాను. ఆ రెండు మాటలే నేను చేసిన తప్పు. హాస్టల్ వాళ్ళని అడగొద్దు అనాల్సింది. అసలు ఫోనే చేయకుండా ఉండాల్సింది. ఫోన్ పెట్టేశాక చాలా సంతోషంగా ఉన్నాను కూడా. ఆ గడిలో ‘గుడ్’ పడితే ఇంటర్వ్యూలో చెప్పాల్సిన అవసరమే ఉండదని నా లెక్క. ఆమె చెప్పాలనుకుంటోందనే సంగతి ఆ లెక్కలో వేయలేదు.

ఇంటర్వ్యూకి రెండు రోజుల ముందు ఆమె నా బల్ల ముందు నిలబడింది. కూర్చోమన్నా కూర్చోలేదు.

“ఎవరికి ఫోన్ చేశారండి?”

చెప్పాను.

“వాళ్ళు వార్డెన్ గార్ని అడిగారంట. ఆవిడ తనకి తెలిసిన మా ఊరి అయ్యగారికి ఫోన్ చేసి మొత్తం చెప్పిందండి. నిన్న అయ్యగారు మా ఇంటికొచ్చి మా అమ్మకి చెప్పారు. ఉత్తరం కూడా వెనక్కి తీసుకున్నారు.” నా బల్ల మీది ఫోన్ కేసి చూసింది. “అది మా అమ్మకి నేను చెప్పుకోవాల్సిన మాటండి. మీరు చెప్పించేశారు.”

“నీ మంచి కోసమేనమ్మా...”

“నేను అడిగానా అండి?”

వెళ్ళిపోయింది. క్షమించమని నేను అనలేదు. ఆ మాట మా ఇంట్లో ఎవరూ ఎవరితోనూ అనగా నేను వినలేదు, నా నోటికి అలవాటు లేదు. జూనియర్ అసిస్టెంటు మాత్రం వదల్లేదు.

“ఎవరు చేయమన్నారండి మిమ్మల్ని ఆ ఫోను? ఆ పిల్ల కాగితం మీద రాసి మరీ ఇచ్చింది కదా, నేనే చెప్తానని. చదవటం రాదా అండి మీకు?”

“నాకు పాఠాలు చెప్పకు.”

“చెప్పనండి. వీపు నిటారుగా పెట్టుకుని కూర్చోండి అలాగే. ఆ పిల్ల ఇంట్లో ఈపాటికి ఏం జరుగుతోందో.”

ఆ రెండు రోజులూ నేను ఫోన్ ముట్టలేదు.

ఇంటర్వ్యూ రోజు పొద్దుట్నుంచీ జల్లు. వరండా అంతా తడి చెప్పులు, గొడుగులు. బోర్డులో ఇద్దరే: మా ప్రిన్సిపాల్ మేడం, సంఘం తరఫున ఒక పెద్ద అయ్యగారు. నేను పక్క బల్ల దగ్గర ఫైళ్ళతో కూర్చున్నాను. ఆమె లోపలికి వచ్చి వందనాలు చెప్పింది. నా వైపు చూడలేదు.

“సంఘం ఉత్తరం లేదేంటమ్మా?” అన్నారు మేడం.

“ఇచ్చి వెనక్కి తీసుకున్నారండి. ఎందుకో చెప్తాను.” నా దగ్గర చెప్పిన మాటలే చెప్పింది, అంతే నెమ్మదిగా, అంతే స్పష్టంగా. చివర “దీనివల్ల నా పాఠం చెప్పడంలో తేడా ఏం ఉండదండి. అది మాత్రం నమ్మండి” అంది.

పెద్ద అయ్యగారు కోపిష్టి కాదు. కళ్ళజోడు తీసి పైకండువాతో తుడుచుకుని మెల్లగా అన్నారు. “నిన్ను గెంటెయ్యాలని కాదమ్మా. మా బోధ వేరు, అది నీకూ తెలుసు. పైగా హాస్టల్లో అంతమంది ఆడపిల్లలున్నారు. రేపు వాళ్ళ తల్లిదండ్రులు అడిగితే నేను జవాబు చెప్పాలి.”

“నేనూ ఒక తల్లికి పుట్టిన ఆడపిల్లనే కదండీ అయ్యగారూ. మా అమ్మకి ఎవరు జవాబు చెప్తారండి?”

ఆ ప్రశ్న ఆయన్ని అడిగినది కాదని నాకు తెలుసు. నేను లేచి నిలబడ్డాను.

“నేను చెప్పాలండి” అన్నాను.

మేడం కళ్ళజోడు పైనుంచి చూశారు. “మీరేంటి రాజుగారూ?”

ఫోన్ సంగతి చెప్పాను. ఎవరికి చేశానో, టీసీ ఎలా మార్పించాలని చూశానో, దానివల్ల ఏం జరిగిందో మొత్తం చెప్పాను. “ఆ పిల్ల ఏదీ దాచలేదండి. దాచాలని చూసింది నేను. ఉత్తరం పోయింది నా వల్ల. దానికి శిక్ష వేయాలంటే నాకు వేయండి.” అంత సర్వీసులో నేను తప్పు చేశానని నా నోటితో అనడం అదే మొదలు.

“మీరా!” అన్నారు మేడం. ఆ ఒక్క మాట తగిలినంతగా నాకు మెమో ఇచ్చినా తగిలేది కాదు.

“ఉత్తరం లేకుండా ఆ కోటాలో ఎలా ఇస్తామండి?” అన్నారు పెద్ద అయ్యగారు.

“బాప్తిస్మం కాయితం ఉందండీ.”

తలుపు దగ్గరనుంచి వచ్చిందా మాట. ఆమె తల్లి. వరండా బల్ల మీద అంతసేపూ కూర్చుని ఉందట. నల్లగా, సన్నగా, తడిసిన కొంగుతో, చేతిలో పాలిథిన్ సంచి. అందులోంచి మడతలు పడ్డ కాగితం తీసి బల్ల మీద పెట్టింది. “ఉత్తరం ఇయ్యనన్నారండి మా అయ్యగారు. సరే అన్నాను. రిజిస్టర్లో నా పిల్ల పేరు కొట్టెయ్యలేరు కదండి. ఆయ్, అందుకే ఇది పట్టుకొచ్చేను.”

గుమాస్తాకి తెలిసిన విద్య ఒకటుంది: ముందు ఎప్పుడైనా అలా జరిగిందని ఫైల్లో చూపిస్తే బోర్డులు కాదనడానికి తటపటాయిస్తాయి. వెనకటి ఒక తుఫాను ఏడాది కోనసీమ నుంచి ఉత్తరాలు రాకపోతే, పాత కరస్పాండెంటుగారు బాప్తిస్మం కాగితాలు చూసి ఇద్దరికి సీట్లిచ్చారు. ఆ కాగితాలు కట్టిన తాడుకి ఉన్నది నేను వేసిన ముడే. బీరువాలోంచి ఆ ఫైలు తెచ్చి మేడం ముందు పెట్టాను. ఆయన సంతకం కింద సిరా కొంచెం పాకి ఉంది. చాలా ఏళ్ళ తర్వాత చూశాను దాన్ని.

వాళ్ళిద్దరూ గంటసేపు మాట్లాడుకున్నారు. చివరికి మేడం బయటికొచ్చి చెప్పారు. “సీటు ఇస్తున్నాం. హాస్టల్ ఇవ్వలేం.”

“రైలు మీద వస్తానండి” అంది ఆమె.

కడియం నుంచి మా ఊరికి రైలంటే ఎంత తక్కువ చూసినా రెండు గంటలు, పోను రాను నాలుగు. హాస్టల్ కోసం నేను ఇంకొక్క మాట మాట్లాడి ఉండాల్సింది. మాట్లాడలేదు. ఒక్కసారి తప్పు ఒప్పుకునేసరికే నా శక్తి అయిపోయింది. ఇప్పటికీ ఆ సగం న్యాయాన్ని తలుచుకుంటే నాకు సిగ్గేస్తుంది.

వరండాలోకి వెళ్ళి ఆ తల్లి ముందు నిలబడ్డాను. ఏమనాలో తెలియక రెండు చేతులూ జోడించాను. మా తాతగారి రేవులో ఆమె కులంవాళ్ళని పై మెట్టు మీదికి రానిచ్చేవాళ్ళు కాదు. ఆ సంగతి నాకు తెలుసు, బహుశా ఆమెకీ తెలుసు.

“చేతులు దించండి సార్, అందరూ చూస్తన్నారు” అంది. “రెండ్రోజుల్నించీ ఇద్దరం ఏడిసేం. నిన్న పొద్దున్న మొదటిసారి నా పక్కన కూకుని కడుపునిండా అన్నం తిందండి. ఎన్నాళ్ళయిందో అలా తిని.” లేచి కొంగు పిండుకుంది. “అలాగని మీరు చేసింది మంచి పనేం కాదు లెండి.”

“కాదమ్మా” అన్నాను.

రెండేళ్ళు ఆమె రైలు మీదే వచ్చింది. రైలు ఆలస్యమైన రోజుల్లో ఉదయం ప్రార్థన అయిపోయాక గేటు దగ్గర పరిగెత్తుతూ కనిపించేది. ఆలస్యంగా వచ్చినవాళ్ళ జాబితా రాసే పని నాది. మొదటి ఏడాది సగంలో ఒకరోజు మేడం నా గదికి వచ్చి, అటూ ఇటూ చూసి, “ఆ అమ్మాయి పేరు ఇక రాయకండి” అని వెళ్ళిపోయారు. జూనియర్ అసిస్టెంటు రోజూ ఆ పిల్ల కోసం తన డబ్బాలో ఒక ఇడ్లీ ఎక్కువ తెచ్చేది. నేను ఆ అమ్మాయితో పని ఉంటేనే మాట్లాడేవాణ్ణి. ఆమెకి నేను బాకీ ఉన్న క్షమాపణ మాత్రం ఎప్పుడో ఒక మధ్యాహ్నం, ఫీజు రసీదు ఇస్తూ, చెప్పేశాను. “సరేనండి” అంది, రసీదు చూసుకుంటూ.

నా సర్వీసు ఆఖరి నెలలో ఆ బ్యాచి టీసీలు రాశాను. అప్పటికి టీసీలు కంప్యూటర్లో వస్తున్నాయి, ఆ గడి మాత్రం ఇంకా చేత్తోనే నింపాలి. ఆమె కాగితం దగ్గరికొచ్చేసరికి పాళీ కలం తీసి, పాత కరస్పాండెంటుగారు మెచ్చుకున్న అక్షరాలతో ‘గుడ్’ అని రాశాను. ఆమె వచ్చి తీసుకుంటుంటే ఆ గడి చూస్తుందేమోనని ఎదురుచూశాను. పేరులో అక్షరాలు సరిచూసుకుంది, పుట్టినతేదీ సరిచూసుకుంది, మడిచి ఫోల్డర్లో పెట్టుకుంది.

“తర్వాతేంటమ్మా?”

“తుని వైపు సిస్టర్స్ నడిపే స్కూల్లో టీచరు పోస్టుందండి. వచ్చే వారం ఇంటర్వ్యూ.”

“అక్కడా చెప్తావా?”

“చెప్తానండి. కాస్త నీళ్ళు తాగి చెప్తాను.”

ఆ స్కూల్ ఆఫీసు చూసే గుమాస్తా నాకు బాగా తెలుసు. ఆ మాట నాలిక చివరిదాకా వచ్చింది. ఆమె తలుపు దగ్గర ఆగి వెనక్కి చూసింది.

“ఫోన్ చేస్తారా ఏంటి సార్?”

“చెయ్యనమ్మా.”

నవ్వింది. వందనాలు చెప్పి గొడుగు తీసుకుని వెళ్ళిపోయింది.

ఇది రాయడానికి అనుమతి అడిగినప్పుడు, ఆ స్కూల్లో ఏం జరిగిందో కూడా రాయమంటావా అని అడిగాను. నాకు తెలుసు, ఆమే చెప్పింది.

“అది వద్దండి. అది నేను రాసుకుంటాను” అంది.